పొరుగింటికి పంపే పిండివంట

సంక్రాంతికి పది రోజుల ముందు సామర్లకోటలో ఏ వీధిన నడిచినా మొదట ముక్కుకు తగిలేది బెల్లపు పాకము వాసన. భీమేశ్వరాలయము వైపు పోయినా, రైలు స్టేషను వైపు వచ్చినా ఆ వాసన మనలను వదలదు. ఇంటిల్లిపాదీ తినుటకే అయితే ఇన్ని అరిసెలు ఎవరికీ అక్కరలేదు. వండిన దానిలో సగము పెళ్ళియిన ఆడపిల్లకు, వియ్యాలవారికి, ఇంటిపని చేసే మనిషికి, ఎదురింటికి, పక్కింటికి పోవలసినదే. పిండివంట అనేది మన ప్రాంతములో తినేవారి కంటె ఇచ్చేవారి వస్తువు అని మేము చాలా కాలముగా అనుకొంటున్నాము.

అయితే ఇచ్చే పిండివంట వేరు, ఇంట్లో తినే పిండివంట వేరు. పొయ్యి మీద నుండి విస్తరిలోకి వచ్చే దానికి రుచి ఒక్కటి ఉంటే చాలును. ఇచ్చేదానికి మరి రెండు పరీక్షలున్నాయి. ఒకటి, అది అవతలివారి ఇంటిలో కొన్ని రోజులు నిలువ ఉండవలెను. రెండు, అవతలివారు దానిని నోట పెట్టుకోగలగవలెను. మొదటిది పాకమునకు, తేమకు సంబంధించినది. రెండవది మనుష్యులకు సంబంధించినది. ఈ రెండింటిలో ఏది తప్పినా కానుక కానుక కాదని మాకు 2000 సంవత్సరములోనే తెలిసినది. అప్పటికి మాకు పదేళ్ళు.

ఆ ఏడాది జనవరి రెండవ వారములో రంజాన్ పండుగ వచ్చింది. మా అమ్మ షీర్ ఖుర్మా వండి, ఒక గిన్నెలో పోసి, పైన అద్దాల అంచు గుడ్డ కప్పి, ఎదురింటికి ఇచ్చి రమ్మని మమ్ములను పంపింది. ఎదురింటి పిన్నిగారు నవ్వుతూ అందుకొన్నారు. సాయంత్రము ఖాళీ గిన్నె తెచ్చుకొందామని వెళ్ళినప్పుడు పెరటి దారిన పోయాము. పిన్నిగారి అత్తగారు ఆ గిన్నెను గేదె ముందున్న కుడితి తొట్టెలో ఒంపుచున్నారు. ఖర్జూరపు ముక్కలు తేలటము కూడ కనబడింది. మేము వెనుకకు వచ్చి వాకిట నిలబడి పిలిచాము. పిన్నిగారు కడిగిన గిన్నెలో గుప్పెడు పంచదార వేసి ఇచ్చారు. ఇంటికి వచ్చి జరిగినది అమ్మకు చెప్పాము. ఆమె కొంతసేపు ఏమియు అనలేదు. తరువాత, "పెద్దావిడకు మడి ఉంది కదా, బయట వండినది తినరు. అదీగాక పాలతో వండినది సాయంత్రము దాకా ఉంటుందా? పొద్దుననగా పంపాము" అన్నది. వారము తిరగక ముందే భోగి వచ్చింది. అదే ఇంటి నుండి అరిసెలు, జంతికలు పళ్ళెము నిండా వచ్చినవి. అమ్మ తీసుకొన్నది. మేము తిన్నాము. ఆ అరిసె చాలా బాగున్నదని చెప్పుకొనుటకు ఆ రోజు మాకు మనసొప్పలేదు.

అమ్మ చెప్పిన మాటలో రెండవ సగము ఓదార్పు కొరకు అన్నదే కావచ్చును. కాని అందులో నిజమున్నది. షీర్ ఖుర్మాలో ముప్పాతిక వంతు పాలు. తేమ ఎంత ఎక్కువ ఉంటే ఆహారము అంత త్వరగా చెడుతుంది. చెడగొట్టే సూక్ష్మజీవులకు కావలసినది స్వేచ్ఛగా ఉన్న నీరు. అరిసెలో ఆ నీరు చాలా తక్కువ. ఉన్న కొద్దిపాటి నీటిని కూడ బెల్లము పట్టి ఉంచుతుంది. కనుకనే అరిసె సంచిలో కూర్చొని రైలెక్కి పోగలదు, షీర్ ఖుర్మా వీధి దాటలేదు. పొరుగువారికి పంపే సంప్రదాయము ఉన్న రెండు వంటలలో ఒకటి ప్రయాణమునకు పుట్టినది, రెండవది పిలిచి కూర్చోబెట్టి పెట్టుటకు పుట్టినది.

ఇక్కడ పంచాంగము సంగతి కొంత చెప్పవలసి ఉన్నది. సంక్రాంతి సూర్యమానమును బట్టి వచ్చే పండుగ. ఏటా జనవరి మధ్యలోనే వస్తుంది. అప్పటికి కొత్త ధాన్యము ఇంటికి చేరి ఉంటుంది, చెరకు నరికి కొత్త బెల్లము దిగుతూ ఉంటుంది, గాలిలో తేమ తక్కువ. బియ్యము, బెల్లము, నువ్వులు, పొడిగాలి నాలుగూ ఒక్కసారి దొరికే నెల అది. అరిసె ఆ నెలకు సరిగ్గా కుదిరిన వంట. రంజాన్ పండుగకు ఆ స్థిరత్వము లేదు. అది కేవల చాంద్రమానము గనుక ఏటా సుమారు 11 రోజులు ముందుకు జరుగుతూ, దాదాపు 33 ఏళ్ళకు ఋతువులన్నింటిని చుట్టి వస్తుంది. 2000 సంవత్సరములో జనవరిలో వచ్చిన పండుగ 2015, 2016 సంవత్సరములలో జులైలో, నడి వానలలో వచ్చింది. కనుక ముస్లిం గృహిణికి ఒకే ఒక పండుగ వంట నేర్చుకొంటే చాలదు. ఎండకు ఒకటి, వానకు ఒకటి, చలికి ఒకటి తెలిసి ఉండవలెను. ఈ సంగతి మేము పుస్తకములో చదివి తెలుసుకొన్నది కాదు. 2016 జులైలో ఉత్సాహము పట్టలేక పండుగకు అరిసెలు వండించి నలుగురికి పంచాము. ఐదవ నాటికి అవి ఒకదానికొకటి అంటుకొని, అంచున బూజు పట్టినవి. ఒక పెద్దలింట డబ్బా మూత తీసి మాకే చూపించారు.

అట్లా ఎందుకయినదో తెలియాలంటే పాకము సంగతి తెలియవలెను. పంచదార నీళ్ళు గాని, బెల్లపు నీళ్ళు గాని మరిగేటప్పుడు నీరు ఆవిరియై పోతూ, మిగిలిన పాకము చిక్కబడి, దాని మరిగే వేడి పెరుగుతూ పోతుంది. కాబట్టి పాకము ఎంత వేడికి చేరినదో తెలిస్తే అందులో ఎంత నీరు మిగిలినదో తెలిసినట్లే. మన ఆడవారు ఉష్ణమాపకము లేకుండా చెంబెడు చల్లని నీళ్ళతోనే ఆ పని చేస్తారు. బొట్టు పాకము నీళ్ళలో వేస్తే కరిగిపోయినచో లేతపాకము. వేళ్ళతో కూడదీస్తే మెత్తని ఉండ అయినచో ఉండపాకము. ఇది సుమారు 112 నుండి 116 డిగ్రీల సెంటిగ్రేడు మధ్య. ఆ ఉండను పళ్ళెము మీద కొడితే టంగుమన్నచో ముదురుపాకము. వేరుశెనగ అచ్చుకు, నువ్వుల జీడికి అది కావలెను. 150 డిగ్రీలకు చేరినప్పుడు పాకములో నీరు దాదాపు ఉండదు. చల్లారితే గాజు వలె పెళుసుగా విరుగుతుంది.

అరిసెకు ఉండపాకము. బియ్యమును ఒక పగలు ఒక రాత్రి నానబెట్టి, మధ్యలో నీళ్ళు మార్చి, వాడ్చి, బట్ట మీద కాసేపు ఆరబోసి, ఇంకా తడి ఉండగానే దంచి జల్లించాలి. మరలో ఆడించినా తడి పిండే కావలెను. పొడి పిండితో చేసే తొందర మనుషులున్నారు. వారి అరిసెలు మేము తిన్నాము, పళ్ళకు పరీక్ష. తడి పిండికి వేడి పాకము తగిలినప్పుడు పిండి కొంత ఉడికి మెత్తబడి, జిగురు పట్టి, చలిమిడి ముద్దగా కలుస్తుంది. పాకము దించి, ఒకరు పిండి పోస్తూ ఉంటే ఒకరు తెడ్డుతో గబగబ కలపాలి. ఈ ఒక్క ఘట్టములో ఇద్దరు మనుష్యులు తప్పనిసరి. ఒంటరిగా అరిసెలు వండిన ఇల్లు మాకు తెలియదు. పాకము లేతయితే అరిసె మూకుడులో విచ్చిపోతుంది. ముదిరితే రాయి. చలిమిడిని నువ్వులలో అద్ది, నేతి చెయ్యితో ఆకు మీద తట్టి, నూనెలో వేసి, తేలి రంగు తిరగగానే తీసి, రెండు చిల్లుల గరిటెల నడుమ గాని, అరిసెల చెక్కల నడుమ గాని గట్టిగా నొక్కాలి. ఆ నొక్కుటలో కారిపోయే నూనె అరిసెకు ఆయుర్దాయము. మిగిలిపోయిన నూనె గాలి తగిలి కొన్నాళ్ళకు కారువాసన పడుతుంది.

వానలలో అరిసె ఎందుకు చెడినదో ఇప్పుడు చెప్పవచ్చును. బెల్లము కేవలము పంచదార కాదు. చెరకురసము కాగేటప్పుడు చక్కెరలో కొంత భాగము విడిపోయి గ్లూకోజు, ఫ్రక్టోజు అవుతాయి. వీటికి, ముఖ్యముగా ఫ్రక్టోజుకు, గాలిలోని తేమను పీల్చుకొనే గుణము మెండు. జనవరిలో ఆ గుణము అరిసెను మెత్తగా ఉంచి మేలు చేస్తుంది. జులైలో అదే గుణము తడిని లోపలికి పిలిచి బూజుకు దారి తీస్తుంది. శుభ్రమైన పంచదారకు ఆ దోషము తక్కువ. కనుక వానాకాలపు కానుకలో బెల్లము కంటె పంచదార, పాకము కంటె పొడి మేలు.

పొడి వంటలలో మాకు ఎక్కువ గౌరవము సున్నుండ మీద. మినపపప్పును సన్నని సెగన కమ్మని వాసన వచ్చేవరకు వేయించి, మెత్తగా విసరి, పంచదార పొడి కలిపి, కాచిన నెయ్యి పోసి వెచ్చగా ఉండగానే ఉండ కట్టుట తప్ప ఇందులో మరి పని లేదు. నీటి బొట్టు పడదు గనుక వారాల తరబడి నిలువ ఉంటుంది. పప్పు తొందరపడి పెద్ద సెగన వేయించితే పైన మాడి లోన పచ్చిగా ఉంటుంది. ఆ పచ్చివాసన ఎంత నెయ్యి పోసినా పోదు. దీనికి సరిజోడు మా ఇళ్ళలో నాన్‌ఖతాయి. మైదా, నెయ్యి, పంచదార పొడి కలిపి, బిళ్ళలు చేసి, బట్టీలో కాల్చుట. ఇందులోను నీరు లేదు, కోడిగ్రుడ్డు లేదు. ఆ చివరి మాట ముఖ్యమైనది. కేకు పంపితే గ్రుడ్డు ఉన్నదా అని అడుగవలసిన ఇంట నాన్‌ఖతాయి నిస్సంకోచముగా చెల్లుతుంది. హైదరాబాదు వారు చేసే బాదం జాలీ కూడ ఈ జాతిదే. మన వైపు బాదము బదులు జీడిపప్పు వాడవచ్చును, కోనసీమలో మోరి జీడిపప్పు ఉండగా బాదము కొరకు వెతుకుట దండుగ. కొబ్బరి లౌజు మాత్రము దూరము పంపకండి. పచ్చికొబ్బరిలో తేమ, నూనె రెండూ ఉన్నాయి. రెండు మూడు రోజులలో తిని ముగించవలసిన వస్తువది.

కారపు వంటలలో జంతికలు, చెక్కలు, చేగోడీలు ఏ ఋతువుకైనా నిలుస్తాయి. వేగిన సద్దు అణగేవరకు మూకుడులో ఉంచి తీయుట, పూర్తిగా చల్లారిన తరువాతనే డబ్బాలో పోయుట, ఇవి రెండే నియమాలు. వేడి మీద మూత పెడితే ఆవిరి మూతకు పట్టి, నీరై దిగి, మరునాటికి అన్నీ మెత్తబడతాయి. పండుగనాటి తొందరలో పాడైన జంతికలలో చాలా భాగము ఈ తప్పు వల్ల పాడైనవే.

ఇక మిఠాయిలలో మిఠాయి పంచదార చిలక. ఇది కేవలము పంచదార పాకము. పాకము కాగుతుండగా కాసిని పాలు పోస్తే మురికి తెట్టెగా పైకి తేలుతుంది. దానిని తీసివేసి, పాకము కుదిరిన తరువాత తెల్లబడేవరకు తెడ్డుతో రుద్ది, తడిపిన చెక్క అచ్చులలో పోయాలి. అచ్చు పొడిగా ఉంటే చిలక తోక అచ్చులోనే ఉండిపోతుంది. ఇక్కడ నిమ్మరసము పిండరాదు. పాకము పలుకు కట్టకుండా చేయుట నిమ్మరసము పని. చిలకకు పలుకు కట్టుటే కావలెను. మన జిల్లాలలో నిశ్చయ తాంబూలములకు, ఆడపిల్ల సారెకు చిలకలు లేనిదే పళ్ళెము నిండదు. మా నిఖాలలో పంచే మిస్రీ, అంటే పటికబెల్లము, దీనికి చుట్టమే. మాటల చుట్టరికము ఇంకా విచిత్రము. సంస్కృతములోని ఖండ శబ్దము పారసీకములో కంద్ అయి, అరబ్బీ మీదుగా ఐరోపాకు పోయి, క్యాండీ అయి, ఇప్పుడు మన అంగడిలో రంగుకాగితము చుట్టుకొని కూర్చున్నది. శర్కర షకర్ అయి షుగర్ అయినది. మిస్రీ అంటే మిస్ర్ దేశపుది, అనగా ఈజిప్టుది. ఈ సంచికలో ఉర్దూ పుటలు కుడి నుండి, తెలుగు పుటలు ఎడమ నుండి మొదలై నడుమ కలుసుకొన్నట్లు ఈ మాటలు కూడ ఎక్కడెక్కడో తిరిగి ఒక పళ్ళెములో కలుసుకొన్నవి.

కొనితెచ్చి ఇచ్చే వాటి మాట ఒకటి రెండు వాక్యాలలో ముగిస్తాము. కాకినాడ గొట్టం కాజా, తాపేశ్వరం మడత కాజా మనకు చేరువలోనే ఉన్నాయి. వాటి కీర్తికి మా వ్యాసము అక్కరలేదు. ఆత్రేయపురం పూతరేకులకు 2023లో భౌగోళిక గుర్తింపు లభించింది. బోర్లించిన కుండ మీద బియ్యపు పాలలో ముంచిన గుడ్డను ఒక్కసారి పరచి లాగితే నిలిచే ఆ పొర చూచుటకు గొప్పది. కాని అది గాలి తడిని ఇట్టే పట్టుకొంటుంది, అదిరితే విరుగుతుంది. చేతిలో పట్టుకొని వెళ్ళి ఇవ్వగలిగినవారే దానిని కానుకగా ఎన్నుకోవలెను.

రెండవ పరీక్షకు వద్దాము. 2000 సంవత్సరములోనే డిసెంబరు చివరి వారములో రంజాన్ పండుగ మరల వచ్చింది. ఒక్క ఆంగ్ల సంవత్సరములో రెండు సార్లు వచ్చుట అరుదు. ఈసారి అమ్మ గిన్నె తీయలేదు. కొత్త చాటలో ఆకు పరచి, కట్ట విప్పని సేమియాలు, పంచదార, ఖర్జూరాలు, జీడిపప్పు, మూత తీయని నేతి సీసా పెట్టి, ఉడికినది ఏదియు లేకుండా పంపింది. బ్రాహ్మణులకు స్వయంపాకము ఇచ్చే పద్ధతి ఆమె అదే వీధిలో చూచి నేర్చుకొన్నది. పిన్నిగారి అత్తగారు స్వయముగా వచ్చి చాట అందుకొన్నారు. సాయంత్రము వారి పొయ్యి మీద, వారి పాలతో, మా సేమియా పాయసము ఉడికింది. ఆవిడ తిన్నారని మరునాడు చాట తిరిగి ఇచ్చునప్పుడు పిన్నిగారే చెప్పారు. చాటలో ఈసారి పంచదార గుప్పెడు కాదు, ఒక శేరు కొత్త బియ్యము ఉన్నది.

వారి వైపు నుండి కూడ ఒక సర్దుబాటు జరిగినది. అది మాకు పెద్దయిన తరువాత గాని తెలియలేదు. దేవునికి నైవేద్యము పెట్టిన పదార్థము తినుటకు మా ఇళ్ళలో కొందరు సంకోచిస్తారు. పిన్నిగారికి ఎవరు చెప్పారో గాని, పండుగ వంట కాగానే మొదటి వాయిలో మా పళ్ళెము తీసి పక్కన పెట్టి, ఆ తరువాతనే నైవేద్యమునకు తీసేవారట. అట్లా తీసి పెట్టినట్లు ఒక్కనాడు కూడ మాతో అనలేదు. అమ్మ కూడ కొత్త మూకుడు ఒకటి కొని, మాంసము తగలని ఆ మూకుడును అటక మీద విడిగా ఉంచి, ఇచ్చే వంటలకే దింపేది. ఆ మూకుడు సంగతి ఆమె ఎదురింట ఎన్నడూ చెప్పలేదు. ఆ పెద్దావిడ గతించిన తరువాతి సంక్రాంతికి పిన్నిగారు మా ఇంటికే వచ్చి అమ్మకు అరిసె పాకము చూపించారు. పాకములో పిండి కలిపే రెండవ మనిషి అమ్మ.

ఇచ్చే పద్ధతి గురించి యువతీయువకులు అడిగితే మేము చెప్పేవి కొన్నే. ఎవరికి పంపుచున్నామో ముందు తలచుకొని వంట మొదలుపెట్టవలెను. చక్కెర వ్యాధి ఉన్న ఇంటికి జంతికలు పంపుట మర్యాద. నెయ్యి అయితే నెయ్యి అనియు, వనస్పతి అయితే వనస్పతి అనియు అడుగక ముందే చెప్పుట మంచిది. తీపిని, కారమును ఒకే డబ్బాలో పెట్టరాదు. తీపి తేమ కారమును మెత్తబరుస్తుంది, వాము వాసన తీపికి పడుతుంది. వచ్చిన గిన్నెను ఖాళీగా పంపరాదని మన ప్రాంతములో చెప్పనక్కర లేదు. పట్నములో ఉన్న పిల్లలకు రైలులో పంపేటప్పుడు అరిసెల మధ్య కాగితము వేసి, రేకు డబ్బా అంచు దాకా నింపాలి. ఖాళీ ఉంటే కుదుపుకు విరుగుతాయి. పండుగ ముగిసిన వారము మా జంక్షనులో గోదావరి ఎక్స్‌ప్రెస్ ఆగినప్పుడు చూడండి. ఎక్కేవారి చేతిలో పెట్టె కంటె డబ్బాల సంచిని జాగ్రత్తగా పట్టుకొన్నవారే ఎక్కువ.

లెక్క ప్రకారము 2032 జనవరిలో రంజాన్ పండుగ, భోగి దాదాపు ఒకే రోజున పడనున్నవి. నెలవంకను బట్టి ఒక రోజు అటో ఇటో కావచ్చును. అప్పుడు రెండు ఇళ్ళ మూకుళ్ళు ఒకే వారములో పొయ్యెక్కుతాయి. మా ఇంటిలో వండే చేతులు ఉపవాసములో ఉంటాయి. అరిసె పాకమునకు దానితో ఇబ్బంది లేదు, అది చెంబులో నీళ్ళు చెప్పే సంగతి. జంతికల పిండిలో ఉప్పు చూచుటకు మాత్రము ఎదురింటి నుండి ఒకరిని పిలువవలసి ఉంటుంది.